మిల్లు గేటు దగ్గర మా చెల్లెలు

ఈ రోజుతో మా సమ్మె ముగిసింది. కళ్యాణదుర్గం వేరుశనగ మిల్లులో గింజలు ఏరే ఆడవాళ్లం యూనియన్‌లో చేరి, కూలి రూపాయి పెంచమని నాలుగు రోజులుగా గేటు ముందు కూర్చున్నాం. పొద్దున యజమాని కుందుర్పి వైపు నుంచి లారీ నిండా కూలీలను తెప్పించాడు. పాత కూలికే ఒప్పుకున్నారట. నేను చేతులు చాచి గేటుకు అడ్డం నిలబడ్డాను. లారీలోంచి మొదట దిగింది మా చెల్లెలు లక్ష్మి.

"ఏమే, మా నోటికాడ కూడు లాక్కునేకి వచ్చినావా?" అన్నాను.

"నువ్వు రూపాయి ఎక్కువ కావాలని కూచోనుండావు అక్కా. మాకు ఆ పాత కూలైనా యాడుండాది? వాన లేక ఎద్దుల్ని గూడా అమ్ముకుంటిమి" అంది.

చేతులు దించేశాను. దాని వెనకే అందరూ లోపలికి పోయారు. మధ్యాహ్నానికి మావాళ్లు కూడా పాత కూలికే ఒప్పుకున్నారు. దారి వదిలినందుకు నన్ను తిట్టారు. యజమాని మాలో సగంమందినే తీసుకున్నాడు, అందులో నేను లేను.

సాయంత్రం పని దిగి లక్ష్మి మా ఇంటికే వచ్చింది. ఈ ఊర్లో దానికి ఇంకెవరున్నారు? సంగటి పెట్టాను. ఇద్దరం తలెత్తకుండా తిన్నాం. ఎవరిని తిట్టుకోవాలో మీకేమైనా తెలిస్తే చెప్పండి.