భూమేశ్వర్ రెండు డబ్బాలు

ఆర్మూర్‌లో నందిపేట్ రోడ్డు మీద భూమేశ్వర్‌కు మోటార్ వైండింగ్ దుకాణం ఉండేది. రైతుల బోరు మోటార్లు కాలితే మళ్లీ రాగి తీగ చుట్టి ఇచ్చేవాడు. మోటార్లు బాగానే కాలేవి, పనికి లోటు లేదు. అయినా ప్రతి యాసంగి పంట కాలంలోనూ తీగ కొనడానికి చేతిలో పైసా ఉండేది కాదు.

ఇల్లు దుకాణాన్ని తింటోందని అతని గట్టి నమ్మకం. రైతులిచ్చేదీ, భార్య మంగ బీడీలు చుట్టి తెచ్చేదీ అతని చొక్కా జేబులోనే పడేవి. తీగా అందులోంచే, బియ్యమూ అందులోంచే. ఇంతమందిని ఒక్క జేబు ఎట్లా సాకుతుందనేవాడు. ఇంతమంది అంటే మంగ, ఇద్దరు పిల్లలు. తనను లెక్కలో వేసుకునేవాడు కాదు.

2006 యాసంగిలో నిజామాబాద్‌లోని తీగ వ్యాపారి అరువు బంద్ చేశాడు. నగదు లేకపోతే ఇక దుకాణానికి తాళమే. అప్పుడు భూమేశ్వర్ రెండు డబ్బాలు తెచ్చాడు. వార్నిష్ డబ్బా దుకాణానికి, బిస్కెట్ డబ్బా ఇంటికి.

"నీ బీడీల పైసలు గీ డబ్బాల ఏసుకో. ఇల్లు దాంతోనే నడుపు. ఎవలు ఎవల్ని తింటున్నరో నెలకు ఎర్కైతది," అన్నాడు.

ఎరుకైంది. నెలాఖరుకు బిస్కెట్ డబ్బాలో మూడు వందల నలభై మిగిలాయి. వార్నిష్ డబ్బాలో కిరాయికి కూడా లేవు. భూమేశ్వర్ వార్నిష్ డబ్బా బోర్లించి చూశాడు.

"నెలల ఎన్ని మోటర్లు చేసినవ్?" అని అడిగింది మంగ.

"ఇరవై. అండ్ల తొమ్మిది మనోళ్లయి."

మనోళ్ల దగ్గర కూలీ తీసుకోడు, తీగ ఖర్చు అడగడు. తుక్కు కింద అమ్మితే డబ్బొచ్చే కాలిన పాత తీగ దుకాణానిదే అన్నది వైండింగ్ వాళ్ల రివాజు. మనోళ్లకైతే అదీ మూటగట్టి ఇచ్చేవాడు.

"మనోళ్లంటే ఎవలు?"

"మూడు మీ అన్నయే," అన్నాడు నేల చూస్తూ.

ఆ వారమే భీమ్‌గల్ నుంచి మంగ అన్న బుచ్చన్న నాలుగో మోటారు ఆటోలో వేసుకొచ్చాడు. దుకాణంలో మిగిలిన ఆఖరి తీగ దానికే అయిపోయింది. మధ్యాహ్నం బుచ్చన్న అన్నానికి ఇంటికొచ్చి కూర్చున్నాడు. మంగ కోడి కోసింది.

"అన్నా, మోటరుకు రెండు వేల ఆరొందలు," అంది నీళ్ల చెంబు పెడుతూ. "పాత తీగ దుకాణంలనే ఉంటది."

బుచ్చన్న నవ్వాడు. మంగ నవ్వలేదు. బుచ్చన్న బావ వైపు చూశాడు. బావ గోడ వైపు చూశాడు.

"చెల్లె ఇంట్ల అన్నం దినాలన్నా పైసలేనా?"

"అన్నం నా డబ్బాలది, తిను. మోటరు ఆయన డబ్బాలది."

బుచ్చన్న డబ్బు తీసి చాప మీద పెట్టాడు. తినకుండానే లేచి వెళ్లిపోయాడు.

మంగకు ఉన్నది ఒక్కడే అన్న. ఆటో మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి ఏడ్చింది. భూమేశ్వర్ చాప మీది నోట్లు పట్టుకుని వెనకే వచ్చాడు.

"ఆటో ఎన్క ఉరికి ఇచ్చిరావాల్నా?"

మంగ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నిజామాబాద్ బస్సు ఎక్కు," అంది. "తీగ తీస్కరా."