పావురాలకొండ మొక్కు

దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో బాలనర్సింహ పాలకొట్టం ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు. ముక్కే దారి చూపిస్తుంది. పేరు ఆయనదే కానీ కొట్టం నడిపేది ఆయన కాదు. ఆయన తెల్లవారగానే పాలడబ్బాలు బండికి తగిలించుకుని ఇళ్లకు పోసి వస్తాడు. ఉస్మాన్‌గంజ్ వెళ్లి తౌడూ పత్తిచెక్కా బేరమాడి తెస్తాడు. మిగిలిన పొద్దంతా చాయ్ హోటల్లో కూర్చుని దేశాన్ని చక్కదిద్దుతాడు. ఐదు బర్రెల్ని మేపేది, కడిగేది, రెండు పూటలా పాలు పిండేది ఆయన భార్య ఆండాలు.

ఆమె అసలు పేరు ఆండాలు కాదు. భీమిలి దగ్గర పావురాలకొండ కింద పుట్టింది. సింహాచలం అప్పన్ననీ, తమ కొండమీది నరసింహస్వామినీ కలిపి తల్లిదండ్రులు అప్పలనర్సమ్మ అని పెట్టుకున్నారు. హైదరాబాదులో రైల్వే గ్యాంగులో పనిచేసే మేనమామ ఈ సంబంధం చూశాడు. కాపురానికి వచ్చిన రోజే అత్త సక్కుబాయికి చిక్కొచ్చి పడింది. కొడుకు నర్సింహ, కోడలు నర్సమ్మ. కోడల్ని తిట్టబోతే కొడుకు పేరు నోట్లోకి వస్తుంది. తిట్టకుండా ఉండటమేమో ఎటూ కుదిరే పని కాదు. అందుకని పేరే మార్చేసింది.

పెళ్లికి ముందు అప్పలనర్సమ్మ పని మేకలు కాయడం. ఆ కొండ అంటే పచ్చటి చెట్లూ పూలతీగలూ అనుకునేరు. ఎండకి మాడి, ఉప్పుగాలికి పెచ్చులూడిన మొరటు కొండ అది. తుప్పలు, జీడిచెట్లు, కాలు జారితే తోలు లేచిపోయే రాళ్లు. పైన ఎప్పటి బౌద్ధ భిక్షువులో కట్టుకున్న ఇటుక గోడల మొదళ్లు, రాతిలో తొలిచిన నీటితొట్లు ఉన్నాయి. వానాకాలంలో అవి నిండితే మేకలకు చాలాకాలం నీళ్లకు కరువుండేది కాదు. ఆ తొట్ల పక్క బండమీద కూర్చుంటే ఒకవైపు గోస్తని వెళ్లి సముద్రంలో కలవడం కనిపిస్తుంది, ఇంకోవైపు ఎర్రమట్టి దిబ్బలు. చలికాలంలో తాబేళ్లు ఇసకలో గుడ్లు పెట్టి వెళ్లేవి. వాటికోసం నక్కలు దిగొచ్చేవి. ఈ పిల్ల రాళ్లు పట్టుకుని నక్కల వెంట పడేది. ఎవరూ అప్పజెప్పని కాపలా అది, అయినా ఎంతో ఇష్టంగా చేసింది.

అలాంటి మనిషిని ఐదు బర్రెలు కట్టిపడేశాయి. బర్రె గుణం అందరికీ తెలియదు. అలవాటైన చెయ్యి, అలవాటైన వాసన తగిలితేనే పాలు చేపుతుంది. కొత్తవాళ్లు కూర్చుంటే పొదుగు బిగబట్టుకుని నిలబడుతుంది, మరీ విసిగిస్తే తంతుంది. సూది వేస్తే చేపుతుందని కొందరు అంటారు. ఆ పాలు నా గిరాకీలకు పొయ్యనని బాలనర్సింహ ఒట్టు పెట్టుకున్నాడు. మంచి ఒట్టే. ఆ ఒట్టు నిలబెట్టేది మాత్రం ఆండాలు చెయ్యి. మా ఆండాలు చెయ్యి తగలకుంటే చుక్క రాదని ఆయన బజారంతా చెప్పుకుని మురిసేవాడు. అది పొగడ్త అని ఆమె చాలా ఏళ్లు నమ్మింది.

తండ్రి పోయినప్పుడు కబురు అందుకుని రైలెక్కింది. మైలలో ఉన్నవాళ్లు స్వామి కొండ ఎక్కకూడదన్నారు. కింద నిలబడి కొండని చూసి, దినం కాగానే తిరుగుబండి పట్టుకుంది. ఇక్కడికొచ్చేసరికి ఒక బర్రెకు పొదుగు వాచి, ఆ ఈతకు పాలే పోయాయి. బాలనర్సింహ ఆమెను ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లే ఆమె మళ్లీ ఊరి పేరు ఎత్తలేకపోయింది. స్టేషన్ పక్కనే ఇల్లు. రోజూ రైళ్ల చప్పుడు వింటూ పిండటమే తప్ప మళ్లీ ఎక్కింది లేదు.

ఒక మొక్కు మాత్రం మిగిలి ఉంది. కూతురు గీతాంజలి పసితనంలో జ్వరమొచ్చి దవాఖానాలో కళ్లు తేలేసినప్పుడు, బిడ్డ బతికితే కొండకొచ్చి మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెడతానని స్వామికి మొక్కుకుంది. బిడ్డ బతికింది, చదువుకుంది, సికింద్రాబాదులో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుంది. మొక్కు అలాగే ఉండిపోయింది. నిజం చెప్పాలంటే ఆండాలుకు మొక్కు మీద ఎంత భక్తో, ఆ తొట్ల పక్క బండ మీద అంత ఆశ. స్వామి ఏమీ అనుకోడులే అని ఆమె ధైర్యం.

ఈ ఏడు బాలనర్సింహ బండి మీంచి జారి మోచెయ్యి దోక్కుపోయింది. ఆ గాయానికి మందు రాసిన ఎవరో పెద్దమనిషి, ఇంట్లో తీరని మొక్కేమైనా ఉందా అని అడిగాడు. ఇన్నేళ్లు భార్య నోటితో వినబడని మాట ఆయనకు మోచేతి మంటతో వినబడింది. వెంటనే టికెట్ తీయించాడు. విశాఖపట్నంలో తమ్ముడు ఎదురొస్తానన్నాడు. మరి బర్రెలో?

దానికి కొట్టాల్లో అందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. పిండే మనిషి చీర ఇంకొకరు కట్టుకుని కూర్చోవాలి. ఉతకని చీర కావాలి, చెమటా పాలూ పెండా కలిసిన ఆ మనిషి వాసన అందులో ఉండాలి. గీతాంజలి సంతోషంగా ఒప్పుకుంది. ఉద్యోగంలో చేరే ముందు నాలుగు రోజులే కదా అంది. ఆండాలు కూతుర్ని రోజూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. తల్లి దగ్గర తాగడానికి దుడ్డెను ఎంతసేపు వదలాలో, ఎప్పుడు లాగాలో, వేళ్లు ఎలా ముడవాలో చూపించింది. చివరికి ఒక పొద్దున గీతాంజలి తల్లి ఉతకని ముదురెర్ర చీర కట్టుకుని ఒక్కతే వెళ్లింది. బర్రె పసిగడుతుందని ఆండాలు గోడవతల నిలబడింది. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత బకెట్లో పాలధార చప్పుడు మొదలైంది. ఐదింటిలో ఒక్కటీ మొరాయించలేదు. ఆండాలుకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ పూట బేగంబజార్ వెళ్లి మెట్లన్నిటికీ సరిపోయేంత పసుపు కొనుక్కొచ్చుకుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర బాలనర్సింహ కూడా సంతోషంగానే ఉన్నాడు.

"బిడ్డ చెయ్యి మంచిగ కుదిరింది" అన్నాడు. "ఇగ ఆ ల్యాబు నౌకరి ఎందుకు? పొద్దుగాల ఆరింటికే ఆడ ఉండాలెనట. ఇంట్ల పని ఇంట్లనే ఉండంగ పరాయోళ్ల కాడ చేసుడేంది?"

గీతాంజలి చెయ్యి కంచంలో ఆగిపోయింది. "నాలుగు రోజులే అన్నరు గద బాపు" అంది.

ఆయన కసురుకోలేదు. నవ్వుతూ, నీ మంచికే చెప్తున్న బిడ్డా అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, అదే ఆ ఇంట్లో అసలు కష్టం. చెడ్డవాడైతే ఆండాలు ఏనాడో పోట్లాడేది.

ఆమెకు అత్త గుర్తొచ్చింది. నడుము నొస్తోంది, నాలుగు రోజులు నువ్వు చూసుకో అని సక్కుబాయి బకెట్ చేతికిచ్చిన పొద్దు గుర్తొచ్చింది. ఆ నాలుగు రోజులు ఇంకా అయిపోలేదు. బిడ్డ ఉద్యోగానికి వెళ్లాల్సిందే అని ఆండాలు మొగుడితో చెప్పి చూసింది. నువ్వు పోయొచ్చినంక చూద్దాం తియ్ అన్నాడు. చూద్దాం అన్న ఏ పనీ ఆ ఇంట్లో ఇంతవరకూ జరగలేదు. తను రైలెక్కి వెళితే తిరిగొచ్చేసరికి బర్రెలు కూతురి చేతికి మరుగుతాయి. ఆ తర్వాత ఆ పిల్ల ఎక్కడికీ కదల్లేదు. ఈ సంగతి ఆయనకు అర్థం కాకపోవచ్చు కానీ ఆండాలుకు పూర్తిగా తెలుసు.

మర్నాడు సాయంత్రం రైలు. ఆ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఆండాలు ముదురెర్ర చీరను సబ్బు పెట్టి, రెండుసార్లు బండకేసి బాది ఉతికింది. పిండి, ఫ్యాను కింద ఆరేసి, తెల్లవారుజామున మడత పెట్టి కూతురికిచ్చింది. నిద్ర కళ్లతో గీతాంజలి అదే చుట్టుకుని కొట్టంలోకి వెళ్లింది.

మొదటి బర్రె మూతి తిప్పి వాసన చూసి పొదుగు బిగబట్టింది. రెండోది బకెట్‌ను తన్నింది. బాలనర్సింహ పరుగున వచ్చి తను కూర్చుని చూశాడు, తౌడు పెట్టాడు, బతిమాలాడు, తిట్టాడు. చుక్క రాలేదు. ఇళ్లకు పాలు రాకపోయేసరికి గిరాకీలే గిన్నెలతో వాకిట్లో నిలబడ్డారు. ఆఖరికి ఆయనే వచ్చి ఆండాలు ముందు తల దించుకున్నాడు. ఆండాలు వెళ్లి కూర్చుంది. బర్రె డొక్కకు తల ఆనించి, గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే పిండింది. బర్రె మాత్రం ఎప్పటిలాగే చేపింది.

ఆ పూటే టికెట్ వాపస్ చేశారు. రాలేనురా అని తమ్ముడికి ఫోన్‌లో చెప్పి, కారణం అడిగేలోపే పెట్టేసింది. బాలనర్సింహ కూతుర్ని పిలిచి, ఇది నీతోని అయ్యే పని కాదు బిడ్డా, నీ నౌకరి నువ్వు చేసుకో అని అన్నాడు. మనసారా అన్నాడు.

సాయంత్రం పిండే వేళకు గీతాంజలి ఆ చీర పట్టుకుని కొట్టంలోకి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది.

"సబ్బు వాసనొస్తుందమ్మా. నువ్వే ఉతికినవు గద."

"మీ బాపుకు చెప్పకు."

"మరి నీ కొండ?"

ఆండాలు బకెట్‌ను దగ్గరికి లాక్కుంది.

"నేను చూసిన కొండనే గద" అంది. "నువ్వే, ఈ కొట్టం తప్ప ఏం చూడలే."

అని, దుడ్డెను విప్పడానికి లేచింది.