అయింది, ఇగ కదలుండ్రి

మా కాక పోయాడన్న మాట నాకు ముఖేడ్‌లో ఒక పెళ్లి మండపంలో తెలిసింది. పెళ్లికూతురి తరఫు వాళ్లను వరసగా నిలబెట్టి గ్రూప్ ఫోటో తీయబోతుంటే ఫోన్ మోగింది. చిన్నమ్మ. పొద్దున చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి గోడకు ఒరిగాడట, మళ్లీ లేవలేదట. వెంటనే బయలుదేరతానన్నాను. ఆమె ఏడుస్తూనే నన్ను ఆపింది.

"చేతిల పని ఇడిశిపెట్టి అచ్చినవని తెలిస్తె ఆయన ఊకోడు. ఆళ్ల ఫోటో తీసి రా బిడ్డా," అంది.

తీశాను. ముప్పై మందిని నవ్వమని చెప్పి తీశాను. ఆ ఫోటో కొంచెం ఎడమకు వంగింది. ఆ ఇంటివాళ్లు ఇది చదివితే నన్ను క్షమించాలి, కారణం ఇదే.

కాక అంటే మా నాన్న తమ్ముడు. నాందేడ్‌లో మా గల్లీలో తెలుగువాళ్లు కాక అంటారు, మరాఠీవాళ్లు కాకా అంటారు, తేడా ఒక్క దీర్ఘమే. అందువల్ల ఆయన ఊరందరికీ అదే వరస అయిపోయాడు. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తుంటే మొదట్లో ఉడుక్కునేవాడని చిన్నమ్మ చెప్పేది. వాళ్లకు పిల్లలు లేరు. రోజూ బడి వదిలాక నేను నేరుగా వెళ్లేది మా ఇంటికి కాదు, ఆయన స్టూడియోకి.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, నీలం పరదా, ఒక స్టూలు, గోడకు అద్దం, ఎవరూ ఎత్తుకుపోకుండా అద్దానికి దారంతో కట్టేసిన దువ్వెన. పిల్లలను బడిలో చేర్చే దాఖలా కాగితాలకో, బ్యాంకు పుస్తకానికో ఫోటో కావాలని వచ్చేవాళ్లే ఎక్కువ. స్టూలు మీద కూర్చున్నవాళ్లను ముందు చొక్కా పైగుండీ పెట్టుకొమ్మనేవాడు. తరువాత ఒక్క వేలితో గడ్డాన్ని కొంచెం కిందికి దించేవాడు. చివరికి ఊపిరి పట్టమనేవాడు. రీలు కెమెరాల నాటి అలవాటు అది, ఆ అవసరం ఎప్పుడో పోయినా ఆయన మానలేదు. ఠక్కుమని చప్పుడు వచ్చాక, "అయింది, ఇగ కదలుండ్రి," అనేవాడు. కూర్చున్నది ఒక్కరే అయినా బహువచనమే. మరాఠీవాళ్లకు మరాఠీలో, గురుద్వారా చూడటానికి వచ్చిన యాత్రికులకు హిందీలో ఇదే మాట చెప్పేవాడు. ఆ మాట వినబడేదాకా ఎవరూ కదిలేవాళ్లు కాదు. మీలో ఎవరైనా మా ఊళ్లో దాఖలా కోసం ఫోటో దిగి ఉంటే, మీ గడ్డం కింద ఆ వేలు తగిలే ఉంటుంది.

నేను కాలేజీలో ఉండగా ఆయన డీఎస్ఎల్ఆర్ కొన్నాడు. నల్లగా, బరువుగా, ఏం చేసినా చెడిపోకుండా ఉండేది. దాన్ని బర్రె అనేవాడు, ప్రేమగానే. పట్టుకునే చోట రబ్బరు ఊడితే సైకిల్ పంక్చర్‌కు వాడే సొల్యూషన్‌తో అతికించాడు. కన్ను ఆనించే చోట ఉండే రబ్బరు ఎక్కడో పడిపోతే ట్యూబు ముక్క కోసి తొడిగాడు. ఎండలో తిరిగి వచ్చి చొక్కా విప్పితే మెడ మీద బెల్టు అచ్చు తెల్లగా కనిపించేది. నేను కెమెరా పట్టడం నేర్చుకున్నది ఆ బర్రె మీదే. మొదటి ఏడాదంతా నా కుడిచేతి మణికట్టు నొప్పి పుట్టేది. చెబితే, అలవాటైతదని చెప్పి ఊరుకునేవాడు.

రెండేళ్ల కింద నేను మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. నా చేతిసంచిలో టిఫిన్ డబ్బా పక్కన పట్టేస్తుంది. కాక దాన్ని అటూ ఇటూ తిప్పాడు, లెన్సు తీసి లోపలికి తొంగి చూశాడు. పాత కెమెరాలో అద్దం ఉంటుంది, లెన్సులోంచి వచ్చిన వెలుతురును అదే కంటికి చేరుస్తుంది, బటన్ నొక్కినప్పుడు పైకి లేచి మళ్లీ కిందికి పడుతుంది. మనం వినే ఠక్కు ఎక్కువగా దానిదే. ఇందులో అద్దం లేదు, కన్ను పెట్టే చోట లోపల చిన్న తెర ఉంటుందని నేను గొప్పగా చెప్పాను. ఆయన అందులోంచి చిన్నమ్మను చూశాడు. కెమెరా దించి మామూలు కళ్లతో చూశాడు. మళ్లీ అందులోంచి చూశాడు.

"నువ్వు మీ చిన్నమ్మను సూస్తలేవు బిడ్డా," అన్నాడు. "మీ చిన్నమ్మ టీవీల అస్తె సూస్తున్నవ్."

చిన్నమ్మ పొయ్యి దగ్గరి నుంచే ఏ చానల్‌లో వస్తున్నానని అడిగింది.

బర్రె ఉంది కాబట్టి నాది మేకపిల్ల అయింది. పేరు ఊరికే పెట్టలేదు. ఒక పెళ్లికి నాకు నాలుగు బ్యాటరీలు కావాలి, ఆయనకు ఒక్కటి పొద్దున్నుంచి అప్పగింతల దాకా సరిపోయేది. నేను బ్యాటరీ మార్చినప్పుడల్లా మేకకు మేత అయిందా అని అడిగేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. నాది మనిషి కన్ను ఎక్కడుందో తనే వెతికి పట్టుకుంటుందని, ఆయన బర్రెకు గోడకూ ముఖానికీ తేడా చెప్పాలంటే పది నిమిషాలు పడుతుందని అనేదాన్ని. భోకర్‌లో ఒక పెళ్లికూతురి తండ్రి నా చేతిలోది చూసి, ఇది సరేనమ్మా, అసలు కెమెరా ఎప్పుడొస్తుందని అడిగాడు. కాక నవ్వు ఆపుకొని తన కెమెరా తెచ్చి నా మెడలో వేశాడు. ఆ రోజంతా మెడలో బర్రె, చేతిలో మేక. పెళ్లికూతురి తండ్రి చాలా తృప్తిపడ్డాడు, ఆల్బమ్‌లో ఒక్క ఫోటో కూడా బర్రెది కాదని ఆయనకు ఇప్పటికీ తెలియదు.

మా ఇద్దరి మధ్య నిజమైన గొడవ మాత్రం బాబ్లీలో వచ్చింది. కూలికి వెళ్లి బతికే ఒక కుటుంబంలో పెళ్లి. ఆ ఇంటి ఆడవాళ్లు పదిమంది గోడ వారగా నిలబడ్డారు, మధ్యలో ముసలమ్మ. కాక ఎప్పటిలాగే అందరి గడ్డాలూ సరిచేసి, ఊపిరి పట్టమని చెప్పి పక్కకు జరిగాడు. నేను కొత్త మోజులో కెమెరాను చప్పుడు లేకుండా పెట్టుకున్నాను. నొక్కాను, మళ్లీ నొక్కాను, వరసగా పదకొండు తీశాను. వాళ్లు కదల్లేదు. నేను ఇంకో నాలుగు తీశాను. ముసలమ్మ ముఖం కందిపోయింది, దగ్గు తన్నుకొచ్చింది.

"తీయవేందే బిడ్డా, పానం పోతున్నది," అంది.

నాకు ఏం జరిగిందో అర్థమయ్యేలోపే పక్క నుంచి కాక నాలుకతో ఠక్కుమని చప్పుడు చేశాడు. "అయింది, ఇగ కదలుండ్రి," అన్నాడు. పదిమందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. వాళ్లు నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. కాక నవ్వలేదు.

తిరిగి వస్తుంటే దారిలో స్కూటర్ ఆపాడు. అందులో నవ్వే సంగతేమీ లేదన్నాడు. నేను, చప్పుడుదేముంది, అద్దం లేచి పడే చప్పుడే కదా, యంత్రం సంగతి అన్నాను. ఆయన గోదావరి వైపు చూస్తూ చెప్పాడు.

"పెద్దోళ్లు అస్తె మనం లేస్తమా లేదా? గట్లనే అద్దం లేస్తది. ఠక్ అన్నదంటె, ఆళ్లు మనకు మొహం ఇచ్చిర్రు, మనం తీసుకున్నం, ఇద్దరికీ ఎరుకే. ఎదుటి మనిషికి తెల్వకుంట తీస్తె గది ఫోటో కాదు బిడ్డా, దొంగతనం."

నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి రెండు కెమెరాల ఫోటోలూ కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టాను, కావాలనే పెట్టాను. ముసలమ్మ గుడిసె లోపల, వెలుతురు లేని చోట, మనవరాలికి పసుపు రాస్తున్న ఫోటో. ఆయన దాంట్లో అంతా గరుకుగా, మసకగా ఉంది. నా దాంట్లో ముసలమ్మ కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. కాక కళ్లజోడు తుడుచుకొని చూశాడు. కండ్లు మంచిగ అచ్చినయ్ అని, వాళ్లకు నాదే ఇవ్వమన్నాడు. గెలిచానని సంతోషపడాలి కదా, అదేమిటో ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ తరువాత ఆయన కెమెరా ఇంట్లో పెట్టి నాతో పెళ్లిళ్లకు రావడం మొదలుపెట్టాడు. పక్కన నిలబడేవాడు, నేను నొక్కగానే నాలుకతో ఠక్కుమనేవాడు. కెమెరాలోనే చప్పుడు పెట్టుకోవచ్చని చూపించాను. విని, చీమ తుమ్మినట్టుందని తోసిపుచ్చాడు. నేనూ మళ్లీ ఎప్పుడూ దాని జోలికి పోలేదు. నాకు ఆయన చప్పుడే అలవాటైపోయింది.

పోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేసి ఇవ్వడం కూడా ఆయన పనే. దినానికి పెట్టుకోవడానికి ఒక్క మంచి ఫోటో లేక, ఎవరి పెళ్లి గ్రూపులోనో చివర సగం కనిపించే ముఖం పట్టుకొచ్చేవాళ్లు. ఆయన ఆ ముఖం కత్తిరించి, మసక తుడిచి, చొక్కా గీసి ఇచ్చేవాడు. వాళ్లు వెళ్లాక, బతికున్నప్పుడు ఒక్క ఫోటో దిగొద్దా అని విసుక్కునేవాడు. ఇంత తెలిసిన మనిషి తను మాత్రం దిగలేదు. అడిగితే, తీసేటోడు ఫోటోల ఉంటె కెమెరా ఎవలు పట్టుకున్నట్టు అని తప్పించుకునేవాడు.

అందుకే నేను దొంగతనం చేశాను. పోయిన ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం, కరెంటు లేదు. కాక గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చొని బర్రెను ఒళ్లో పెట్టుకొని రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదుతున్నాడు. నేను కెమెరా ఒళ్లో పెట్టి, తెర పైకి వంచి, ఏదో సెట్టింగ్ మారుస్తున్నట్టు నటించాను. చప్పుడు లేకుండా మూడుసార్లు నొక్కాను. తరువాత భయమేసింది. ఆయనకు చూపించలేదు, చెరిపేయనూలేదు. కంప్యూటర్‌లో ఒక మూలన పడేశాను, నేనూ తెరిచి చూడలేదు.

కాక పోయిన నాలుగో రోజున ఫోటో సంగతి వచ్చింది. పదో నాడు పెట్టడానికి ఫోటో లేదు. ఆల్బమ్‌లన్నీ వెతికాం. ఊరంతా ఉంది, ఆయన లేడు. ఆధార్ కార్డులో ఒకటి ఉంది. అది పెడితే ఆయనే లేచొచ్చి తిడతాడని చిన్నమ్మ పక్కన పడేసింది. ఇక దాచలేక నేను చెప్పాను. చిన్నమ్మ చేతిలోని ఆల్బమ్ మూసి పెట్టింది. ఆయనకు చెప్పి తీశావా అని అడిగింది. లేదన్నాను.

"ఆయన దొంగతనం అన్నదాన్ని ఆయన దినానికే పెట్టుమంటవా?" అంది.

పెట్టకపోతే ఆయన ముఖం ఇంక ఎక్కడా ఉండదు. పెడితే, ఆయన వద్దన్న పనే ఆయన మీద చేసినట్టు. చివరికి చిన్నమ్మే లేచింది, చూడకుండా ఏం అనుకుంటామని స్టూడియో తాళం తీసింది.

మొదటి ఫోటోలో కాక వంగి దుమ్ము ఊదుతున్నాడు. చొక్కా పైగుండీ ఎప్పటిలాగే తీసే ఉంది, నుదుటి మీద జుట్టు పడింది. రెండో దాంట్లో బుడ్డి నేల మీద ఉంది, చేయి మెడ దగ్గర ఉంది. మూడోది తెరిచి పెద్దది చేశాను. పైగుండీ పెట్టి ఉంది. జుట్టు పైకి సర్ది ఉంది. గడ్డం కొంచెం కిందికి దించి ఉంది, వేలు ఆనించి దించినంతే. కళ్లు నా వైపు లేవు, బర్రె మీదే ఉన్నాయి. భుజాలు మాత్రం పైకి లేచి ఆగిపోయాయి.

నాకంటే ముందు చిన్నమ్మకు అర్థమైంది.

"ఊపిరి పట్టుకున్నడు సూడే," అంది.

ఇద్దరం స్టూలు దగ్గర నేల మీద కూర్చొని ఏడ్చాం. ఆయనకు తెలుసు. తెలిసి ముఖం ఇచ్చాడు. నేనే తీసుకున్నానని చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఎంతసేపు ఊపిరి పట్టుకొని కూర్చున్నాడో, చప్పుడు కోసం ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. నేను లేచి చాయ్ తెస్తానని బయటికి వెళ్లిపోయాను, అది గుర్తుంది.

పదో నాడు ఆ మూడో ఫోటోను స్టూలు మీదే పెట్టాం, వెనక నీలం పరదా. దండ వేశాక చిన్నమ్మ లోపలికి వెళ్లి బర్రెను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇన్ని రోజులు ఎవరూ ముట్టకపోయినా బ్యాటరీ ఇంకా సగం ఉంది. మెడలో వేసుకున్నాను. ట్యూబు ముక్కకు కన్ను ఆనించాను. అందులో తెర లేదు, నేరుగా కాకే కనిపించాడు. నొక్కాను. అద్దం లేచి పడింది, ఠక్కుమంది.

"అయింది కాకా," అన్నాను. "ఇగ కదులు."

నా వెనక చిన్నమ్మ పట్టుకున్న ఊపిరి వదలడం వినిపించింది.