అత్తకు పుట్టింటి చీర

నన్ను కోడలుగ తెచ్చుకున్న మా అత్తకు అన్నయినాయన చెన్నూరుల కాలం చేసిండన్న వార్త నాకు ముందుగా చెప్పింది నూలు తెచ్చే బండాయన. నిజాం పాలన పోయిన కొత్తలు. గోదావరికి ఇవతల, కరీంనగర్ జిల్లాల నేతగాళ్ల ఊరు మాది. అత్త మగ్గం మీదున్నది. ఎట్ల చెప్పాల్నోనని నేను వాకిట్లనే నిలబడితే, నా మొఖం చూసి తానే లేచి వచ్చింది.

ఆమెకు తోడబుట్టినోడు ఆయన ఒక్కడే. ఆయనకు పిల్లలు లేరు. దినాలైనంక అత్త అన్నది: "ఇగ నాకు పుట్టింటి చీర ఎవలు తెస్తరు బిడ్డా?"

మా దిక్కు ఆడిది కన్నుమూస్తే పుట్టింటోళ్లు చీర తెచ్చి కప్పాలె. అది లేకుంటే దిక్కులేనిదాని లెక్క పోయినట్టే.

కొన్నాళ్లకు పసుపు నూలు మగ్గానికి ఎక్కించింది. ఎర్ర అంచు పెట్టింది. మామ నవ్విండు.

"గీ చీర కట్టుకొని ఎక్కడికే ప్రయాణం?"

"నీ పోరు లేని కాడికి."

"నీ ఇంట్ల నేసింది పుట్టింటిదెట్లయితదే?"

గా మాటకు అత్త చేతుల, నూలు అటిటు తీస్కపోయే నాడె ఆగిపోయింది. అంత దూరం ఆమె ఆలోచించలే. అయినా నడుమల ఇడిసిపెట్టకుండ చీర ముగించింది.

నన్ను పుట్టింటికి తోల్కపోను మా బాపు చెన్నూరు నుంచి వచ్చి, సంగతి విన్నడు. అత్తతోని అన్నడు: "చెల్లె, నీ అన్న ఊరే నా ఊరు. నువ్వు గూడ నడువు. మా ఇంట్ల ఆడబిడ్డకు పోసినట్టు నీకు ఒడిబియ్యం పోస్తం. నీ చీర ఆడ్నే ఉంటది."

"వియ్యపురాలికి ఒడిబియ్యమా? నలుగురు నవ్వరా అన్నా?"

"నవ్వనీ. నవ్వినోళ్లకు గూడ బువ్వ పెడదం."

ముగ్గురం గోదావరి దాటి పోయినం. నన్ను కన్న మా అవ్వ మమ్మల్నిద్దరిని పక్కపక్కన పీటల మీద కూసోబెట్టి ఒడి నింపింది. చీరను బాపు దేవుని అర్రల పెట్టిండు.

అటెనుక అత్తకు చావు ఫికర్ లేకుండ పోయింది. పొద్దున్నే కొండగట్టు దేవుని దిక్కు మొక్కి, "పిలిస్తే వస్త సామీ, నా చీర తయారున్నది" అనేది. సామి చాన్నాళ్లు పిలవలే.

పిలిచింది వానకాలంల. గోదావరి ఒడ్లొరుసుకొని పారుతున్నది. బాపు అప్పటికే ముసలాయన. వస్తడని ఎవలకు నమ్మకం లేకుండె. చీరను గొంగట్ల చుట్టి, నెత్తిన పెట్టుకొని, పడవ మీద వచ్చిండు. చీర తడవలే. "వియ్యంకుడొచ్చిండు" అని ఎవరో అంటే, "వియ్యంకుణ్ని కాదు, మా చెల్లెకు అన్నను" అన్నడు.

ఆయన చీర కప్పుతుంటే నేను తలెత్తుకొని నిలబడ్డ. అసొంటి తండ్రినిచ్చిన దేవునికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆయన ఇంట్ల నేర్పిన అక్షరాలతోనే ఇది రాస్తున్న. చదివిన అక్కలు, చెల్లెండ్లు, దీపం ముట్టించేటప్పుడు మా బాపును ఒక్కసారి తలుసుకోండి.