అద్దాల గదిలో ఎండ

నీంపురా రైల్వే క్వార్టర్లలో హైమవతి ఇంటి అడ్రసు సూర్యుడు మరిచిపోయి తొమ్మిదేళ్ళయింది. పాపం, అందులో సూర్యుడి తప్పేమీ లేదు. ఇంటాయన గణపతిరావుది పర్మనెంటు నైట్ డ్యూటీ. రాత్రంతా ఖరగ్‌పూర్ యార్డులో సుత్తి పట్టుకుని, ఆగిన ప్రతి బండి చక్రాన్నీ కొట్టి చూస్తాడు. చక్రం కంగుమంటే బండి కదుల్తుంది, పగిలిన కుండలా మోగితే ఆగిపోతుంది. తెల్లారి ఇంటికొచ్చి గంజి తాగి పడుకున్నాడంటే మధ్యాహ్నం మూడింటిదాకా ఆ ఇంట్లో పగలన్న మాట ఎత్తకూడదు. కిటికీలకి గోనె సంచులు, తలుపుకి పాత రగ్గు, వెనక వాకిలికి పైన రేకులు. మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లో దూరిన ఈగ రాత్రయిందనుకుని గోడ మీద నిద్రపోయేదని చెప్పుకుంటారు.

ఆ చీకటికి కాపలా హైమవతి. వీధి తలుపు వెనక కూర్చుని, చేపలమ్మేవాడు కేక పెట్టేలోపే అరచేతి మందం తలుపు తీసి పెదాల మీద వేలు పెట్టి చూపించేది. కత్తులు సాన పట్టేవాడు, గాజులవాడు, పాత బట్టలకి గిన్నెలిచ్చేది, ఇలా ఊళ్ళో కేకలేసి బతికే జనమంతా ఆ వేలు చూసి నోరు మూసుకుని ముందుకి పోయేవాళ్ళు. నలుగురు పిల్లలున్న ఇల్లది. ఆ పిల్లలు ఏడుపు కూడా సైగలతోనే నేర్చుకున్నారు. కుళాయి నీళ్ళు తెల్లారకముందే పట్టేసేది. బజారు పని అత్త దాలమ్మది. నాలుగు కాన్పులకీ ఒక్కోదానికి మూడేసి నెలలు చెవులకి గుడ్డ కట్టి గది మూలన పడుకోబెట్టారు, గాలి సోకకుండా. నిజం చెప్పాలంటే, రాత్రిళ్ళు పనిచేసే మొగుడే పొద్దున ఇంటికి నడిచొచ్చేటప్పుడు ఆవిడకంటే ఎక్కువ ఎండ చూసుంటాడు.

అలసట ముందు తొడల్లోకి వచ్చింది. తర్వాత నడుముకి ఎక్కింది. పక్క మీద ఒత్తిగిలితే పక్కటెముకలు కలుక్కుమనేవి. ముప్ఫై రెండేళ్ళకే నడక బాతు నడకయింది. అన్నిటికంటే పెద్ద కష్టం నేల మీంచి లేవడం. ఆ ఇంట్లో బతుకంతా నేల మీదే. పొయ్యి నేల మీద, కత్తిపీట నేల మీద, పడక నేల మీద. కూర్చునే ముందే, లేవడానికి ఏం దొరుకుతుందో చూసుకునేది. తలుపు గొలుసో, కిటికీ ఊచో, పెద్దపిల్ల భుజమో. ఏదీ దొరకని చోట కూర్చునేదే కాదు. ఒకసారి కూలబడ్డాక పప్పు ఏరడం, కూర తరగడం, చంటిదానికి పాలివ్వడం, చిరుగులు కుట్టడం అన్నీ అక్కడే ముగించేది.

"నాను దీని ఈడులో ఏడు కాన్పులయ్యాక బియ్యం బస్తా ఎత్తినాను," అనేది దాలమ్మ. ఆ బస్తా ఏడాదికో పది శేర్లు బరువు పెరిగేది.

"అందులో బియ్యముండేవా దాలమ్మత్తా, ఒట్టి బస్తాయేనా?" అనేది పక్కింటి అప్పలకొండ. అని, లైను చివరికి పోయి, హైమవతికి మళ్ళీ నెల తప్పిందని ఒకరికీ, ఎవరో చేతబడి చేశారని ఇంకొకరికీ చెప్పి వచ్చేది.

హైమవతి దేనికీ బదులు చెప్పేది కాదు. మాట్లాడ్డానికీ ఓపిక కావాలి.

అరవై మూడులో, కార్తీక మాసం ఒక పొద్దున, చంటిదాన్ని చంకనేసుకుని లేవబోయి, గొలుసు చేతికందక, పిల్లతో సహా కింద పడింది. పిల్లకేం కాలేదు. ఆ చప్పుడుకి గణపతిరావు నిద్ర లేచొచ్చాడు.

"ఏటైందే?"

"ఏటీ నేదు మావా. కాలు జారినాది. నువ్వు పడుకో."

"జారితే లెగు మరి."

ఆవిడ లేవలేదు. ఆయన కాసేపు అలాగే నిలబడి చూశాడు. లేవకపోవడం కాదు, లేవలేకపోవడమని అప్పటికి అర్థమైంది.

"ఎన్నాల్ల బట్టీ?"

"రెండేల్లవుతాది. నీ నిద్దర పాడవుతాదని సెప్పనేదు."

రైల్వే ఆస్పత్రిలో బెంగాలీ డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. "హాడ్ నరమ్ హోయే గేఛే" అంది. ఎముకలు మెత్తబడిపోయాయని. సున్నం బిళ్ళలూ, ఓ సీసా చేప నూనే ఇచ్చి, "రోజ్ రోదే బోష్‌బే" అని మరీ మరీ చెప్పింది. రోజూ ఎండలో కూర్చోవాలి.

చేప నూనె సంగతి దాలమ్మ చూసుకుంది. నూనె అంటే రాసుకునేదే కదా అని, వారం తిరక్కుండా సగం కోడలి మోకాళ్ళకీ సగం తన మోకాళ్ళకీ మర్దనా చేసేసింది. ఆ వారం ఆవిడ గోల్ బజార్‌కి పోతే ఊళ్ళో పిల్లులన్నీ వెనక ఊరేగింపు కట్టాయని అప్పలకొండ నేటికీ ఒట్టేసి చెబుతుంది.

ఇక మిగిలింది ఎండ. దానికీ దాలమ్మే అడ్డం పడింది.

"పాలిచ్చే ఒల్లు. పైన సలిగాలి, బొగ్గు నుసి. ఆరుబయట కూకోబెట్టి సంపేస్తారేటి పిల్లని?"

"నిన్నటిదాకా సోమరిదన్నావు, ఇయ్యాల పిల్లంటన్నావు," అన్నాడు గణపతిరావు, కళ్ళు మూసుకునే. "ఎండ కావాల, గాలి కూడదు. అంతే గదా."

అది రైల్వేవాడి బుర్ర. చలికాలం బండిలో అద్దం దించుకుని కూర్చుంటే ఒళ్ళోకి ఎండొస్తుంది, గాలి రాదు. ఆ లెక్క చాలు ఆయనకి. పాత ఇనుము కొట్టు నుంచి, పనికిరాదని తీసేసిన రైలు పెట్టె తాలూకు అద్దాల రెక్కలు ఇరవై రెండు తెచ్చాడు. వాకిట్లో రేకులు సగం ఊడదీసి, ఆ చోట టేకు చట్రాలు నిలబెట్టి, నాలుగు పక్కలా పైనా అద్దాలు బిగించి మనిషి పట్టేంత గది కట్టాడు. పదకొండు రోజులు. రోజుకి రెండు గంటలే నిద్ర. చివరి రోజుల్లో యార్డులో చక్రాన్ని కొట్టబోయి పక్కనున్న బంట్రోతు బూటు మీద కొట్టాడట. ఆ బూటు కంగుమనలేదు, బంట్రోతు మాత్రం టాటానగర్‌కి వినపడేలా మోగాడట.

గది చూడ్డానికి నీంపురా అంతా కదిలింది. హిజ్లీ ఇంజినీరింగు కాలేజీ నుంచి కూడా ఎవరో వచ్చి కొలతలు రాసుకుపోయారని అప్పలకొండ ప్రచారం.

"ఒదినా, ఫస్ట్ క్లాసులో కూకున్నావు. బండెప్పుడు బయలెల్తాది?" అంది అప్పలకొండ అద్దంలోంచి తొంగిచూసి.

"ఇంజనొచ్చాక," అంది హైమవతి.

తొమ్మిదేళ్ళ తర్వాత వెలుగు. మొదటి రోజు ఆ వెచ్చదనానికి కళ్ళంట నీళ్ళు తిరిగాయి. చెమటలు పట్టాయి. చెమట పడితే రోగం దిగుతున్నట్టే అని దాలమ్మ కూడా ఒప్పుకుంది. మూడింటికి నిద్ర లేవగానే గణపతిరావు అడిగిన మొదటి మాట, "ఎలాగుంది?"

ఆయన కళ్ళు ఎర్రగా, గుంటలు పడి ఉన్నాయి. గోళ్ళ కింద చెక్కపొట్టు. "ఒకింత నయం," అంది హైమవతి.

అక్కడ పడింది తప్పటడుగు. మర్నాడూ అడిగాడు. నిన్న ఒకింత నయమైనప్పుడు ఇవాళ ఇంకొంచెం నయమవ్వాలి కదా. రైల్వేలో ఉద్యోగానికి ప్రమోషన్లు ఆగుతాయేమోగాని, అబద్ధానికి ఆగవు. నెల తిరిగేసరికి "బాగా నయం" దాకా వచ్చింది. ఆయన చూస్తుండగా లేవాల్సి వస్తే, వెనక చెయ్యి చట్రానికి ఆనించి, పళ్ళ బిగువున లేచి నిలబడి నవ్వేది. ఆ నవ్వు ఖరీదు రాత్రంతా తుంటి సలపరం. మూడు నెలలు రోజూ గంటన్నర ఆ గదిలో కూర్చుంది. వెచ్చగానే ఉండేది. ఎముకలు మాత్రం అలాగే ఉన్నాయి. కాదు, ఇంకాస్త దిగజారాయి.

మాఘంలో ఒకరోజు సాయంత్రం, గణపతిరావుతో యార్డులో పనిచేసే ఎర్రయ్య వచ్చాడు. చంకలో మూడేళ్ళ కూతురు నూకాలు. దింపితే నిలబడింది గాని, రెండు కాళ్ళూ విల్లులా బయటికి వంగి, మోకాళ్ళ మధ్య చెంబు పట్టేంత సందుంది.

"అన్నయ్యా, మా ఒదిన్ని బాగు సేసినావంట," అన్నాడు ఎర్రయ్య. "డాక్టరమ్మ ఈ గుంటనీ ఎండలో పెట్టమన్నాది. అద్దాలు నానూ తెచ్చుకున్నాను. పనైనాక రోజూ వస్తాను, నువ్వు సెప్పు, నాను సేస్తాను."

"ఠీక్ హై. ఆదివారం మొదలెడదాం," అన్నాడు గణపతిరావు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఛాతీ ఇంజను బాయిలరంత అయింది.

హైమవతి గడప మీద కూర్చుని ఆ పిల్ల కాళ్ళకేసి చూసింది. తన కాళ్ళు పాడైతే తన కాళ్ళే. మొగుడి మనసు కోసం అవి మోసుకోవచ్చు. ఈ పిల్ల తన అబద్ధాన్ని నమ్మి అద్దాల్లో కూర్చోబోతోంది. మూడు నెలలు, ఆర్నెల్లు, ఏడాది. అంతలో ఆ ఎముకలు అలాగే గట్టిపడితే?

"ఎర్రయ్యా, నువ్వా గది కట్టకు," అంది.

మగాళ్ళిద్దరూ ఇటు తిరిగారు.

"నాకేటీ తగ్గనేదు మావా. మొదటి రోజు కాడ్నుంచీ అబద్దమే సెప్పినాను." గోడ పట్టుకుని వాకిట్లోకి నడిచి, ఏ ఆసరా లేని చోట నేల మీద కూలబడింది. "సూడు. లెగుస్తాను సూడు."

రెండు చేతులూ నేలకి ఆనించింది. తుంటి కొంచెం లేచి మళ్ళీ కూలింది. ఇంకోసారి ప్రయత్నించింది. దాలమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపేసింది. ఎర్రయ్య చూపు తిప్పుకున్నాడు.

"సాల్లే," అన్నాడు గణపతిరావు. వెళ్ళి చంకల కింద చేతులేసి లేపాడు. "ఎందుకు సెప్పనేదే?"

"పదకొండు రోజులు నువ్వు నిద్దర్లేక సచ్చినావు. ఎలా సెప్పమంటావు?"

ఆయన ఆవిణ్ణి గడప మీద కూర్చోబెట్టాడు. మర్నాడు డ్యూటీ దిగి, గంజి తాగకుండా, నిద్రపోకుండా, నేరుగా ఆస్పత్రికి పోయి నర్సు జ్ఞానరత్నాన్ని ఇంటికి తీసుకొచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ఆస్పత్రి తరఫున క్వార్టర్లలో పిల్లలకి టీకాలు వేస్తూ తిరుగుతుంటుంది. ఆవిడ గది చుట్టూ ఒకసారి తిరిగి, అద్దం మీద వేలితో తట్టింది.

"చక్కగా కట్టావయ్యా. కూర్చుంటే ఒళ్ళు కాగుద్దా?"

"పొయ్యి మీద కూకున్నట్టుంటాది," అంది హైమవతి.

"అదే వచ్చింది చిక్కు. ఒళ్ళు కాగితే ఎండ తగిలినట్టే అనుకున్నారు. చూడమ్మా, ఎండ చర్మానికి నేరుగా తగిలితే ఒంట్లో విటమిన్ డీ అని ఒకటి తయారవుద్ది. అది ఉంటేనే తిన్న సున్నం రక్తంలోకి వచ్చి ఎముకకి పడుద్ది. లేకపోతే ఎన్ని బిళ్ళలు మింగినా సగానికి సగం వృథా. ఎండలో దాన్ని తయారుచేసే కిరణం వేరే ఉంటది, కంటికి కనపడదు. అద్దం దాన్ని లోపలికి రానివ్వదు."

గణపతిరావు కూడా అద్దం మీద వేలితో తట్టాడు. "అంటే, ఎలుగుకి పాసుంది, సెగకి పాసుంది. దానికి నేదు. గేటు కాడే ఆపేసినాది."

"అంతే. ఇంకోటి, తెల్లవారి లేయెండలో ఆ కిరణం పెద్దగా ఉండదు. పది దాటాక ఓ అరగంట కూర్చోవాలి. చేతులు, మోకాళ్ళ కిందా గుడ్డ ఉండకూడదు. నూనె మాత్రం నోట్లోకి, మోకాళ్ళకి కాదు."

చివరి మాటకి దాలమ్మ లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, "గాలి కొడితే నా పూచీ నేదు," అంది.

ఆ మధ్యాహ్నమే ఆయన రెక్కలన్నీ ఊడదీశాడు. పగలగొట్టలేదు. ఒక్కో మేకూ తీసి, ఒక్కో అద్దాన్నీ గుడ్డతో తుడిచి, గోడకి ఆనించాడు. కట్టడానికి పదకొండు రోజులు పట్టింది, విప్పడానికి గంట పట్టలేదు. మిగిలిన రేకులు కూడా తీసేసి లోపలికి పోయి పడుకున్నాడు. గదిలోకి వెలుగు కొట్టింది. కళ్ళ మీద కండువా వేసుకున్నాడు. 

ఆ తర్వాత రోజూ పదింటికి వాకిట్లో చాప. హైమవతి చీర మోకాళ్ళదాకా ఎత్తుకుని, చేతులు బార్లా పెట్టుకుని కూర్చునేది. పక్కన మొలతాడు తప్ప ఒంటి మీద ఏమీ లేని నూకాలు, ఎర్రయ్య రోజూ తెచ్చి దింపేవాడు. వీధి వైపు కిటికీలకి గోనె కట్టే పని, కేకలేసేవాళ్ళకి వేలు చూపించే పని దాలమ్మ తీసుకుంది. ఆవిడ వేలుకి జనం అంత తొందరగా లొంగేవాళ్ళు కారు. ఆ పిల్ల నోరూ మూతపడేది కాదు. గణపతిరావు నిద్ర ముక్కలు ముక్కలయింది. 

నెల గడిచినా ఏమీ కాలేదు. కొత్త సీసా చేప నూనె తాగితే రోజంతా తేన్పులు. ఎండకి తల నొప్పి. ఈసారి గణపతిరావు "ఎలాగుంది" అని అడగడం మానేశాడు. అడిగితే మళ్ళీ అబద్ధం చెబుతుందేమోనని భయం. ఆవిడ తనంతట తనే "ఇంకా నేదు" అని చెప్పేది. పక్కటెముకల సలపరం తగ్గిన రోజు కూడా, నిజమో కాదో తేలాలని వారం ఆగి చెప్పింది.

చైత్రంలో ఒక పూట, చాప మీద కూర్చుని ఉండగా పొయ్యి మీద అన్నం పొంగిన చప్పుడైంది. పెద్దపిల్ల బడికి పోయింది. దాలమ్మ వీధిలో ఉంది. హైమవతి చేతులు తొడల మీద ఆనించి లేచింది. లేచి, వెళ్ళి, మూత తీసి, మంట తగ్గించి, తిరిగొచ్చి చాప దగ్గర నిలబడ్డాక గాని తట్టలేదు. దేన్నీ పట్టుకోలేదు.

నమ్మబుద్ధి కాలేదు. కూర్చుంది. మళ్ళీ లేచింది. ఈసారి ఆలస్యమైంది, కాళ్ళు వణికాయి, కాని లేచింది.

గదిలో గణపతిరావు గురక. లేపుదామని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. మూడు నెలలు అబద్ధం విన్న మనిషి, మూడింటి దాకా నిజం కోసం ఆగగలడు. నిద్రపోనీ. వెనక్కొచ్చి చాప మీద కూలబడింది.

"పిన్నీ, లెగిసి మల్లీ కూకున్నావేటి?" అంది నూకాలు.

"అలిసిపోనానమ్మా," అంది హైమవతి. "కాసేపాగి లెగుస్తాను."