నీళ్లవైపు జరిగిన మాస్టారు

తాడేపల్లిగూడెంలో సత్యనారాయణమూర్తి మాస్టారి కంట పడ్డారంటే, మీ చేతిలో సైకిలుంటే, ఇక దొరికిపోయారన్నమాటే. కూరగాయల బజారులో వంకాయలు ఏరుకుంటూ ఉన్నా సరే, రైల్వే గేటు దగ్గర తొందరలో ఉన్నా సరే, "ఏదీ, బ్రేకు పట్టండి చూద్దాం" అంటారు. "వెనకాల ఎర్రబిళ్ల ఏమైందండీ" అంటారు. పని ఉందని చెబితే తలూపుతారు గానీ వదలరు. జేబులోంచి మెరిసే ఎర్ర స్టిక్కరు తీసి, మడ్‌గార్డు తన చేతిరుమాలుతో తుడిచి, స్వయంగా అంటించి, అప్పుడు పంపిస్తారు. ఊళ్లో సగం సైకిళ్లకి ఆ ఎర్రచుక్క ఆయన పెట్టిందే.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి హాయిగా కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు కదా. అబ్బే, ఆయనకెక్కడ కుదురుతుంది. రాష్ట్ర సైకిల్ భద్రతా సంఘం అని ఒకటుంటే అందులో చేరి, శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా బడి బడికీ తిరగడం మొదలుపెట్టారు. గ్రౌండులో ముగ్గుపిండితో రోడ్డు గీస్తారు. పిల్లల్ని సైకిళ్లెక్కిస్తారు. వెనక నుంచి హారన్ మోగిస్తారు. "ఎటు జరగాలర్రా?" అని అడిగితే బడంతా "ఎడమపక్కకి" అని అరవాలి. సంఘానికి ఈ పాఠం ఎంత నచ్చిందంటే, జూన్‌లో బళ్లు తెరిచేసరికి దీన్నే అన్ని జిల్లాలకీ పంపాలని తీర్మానించారు. ఆ కబురు తెలిసిన రోజు మాస్టారు ఇంట్లో వాళ్లకే కాదు, పాలు పోసే అబ్బాయికి కూడా స్వీటు పెట్టారు.

ఆ మురిపెం నెల తిరక్కుండానే దిగిపోయింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆయన ఇంటికొచ్చే దారి తవ్వేసి ఉంది. ఏలూరు కాలవ అవతలి గట్టు మీదుగా చుట్టుతిరిగి వస్తున్నారు. ఎడమపక్క కాలవ నిండుగా పారుతోంది. వెనకాల, సరిగ్గా మెడ దగ్గర అన్నట్టు, లారీ హారన్ మోగింది. మాస్టారు కుడిపక్కకి తిరిగారు. అవును, కుడిపక్కకే. రాష్ట్రమంతా తిరిగి ఎడమ, ఎడమ అని చెప్పిన మనిషి, లారీకి అడ్డంగా, రోడ్డు మధ్యకి పోయారు.

ఆ డ్రైవరు పుణ్యమా అని బ్రేకు పడింది. బంపరు వెనకచక్రానికి తగిలీ తగలకుండా ఆగింది గానీ, మాస్టారు కిందపడి ఎడమ మణికట్టు ఎముక చిట్లింది. డ్రైవరు ఏసుకుమార్ దిగొచ్చి, ఆయన్ని లేవదీసి, ముఖం చూసి తెల్లబోయాడు.

"మాస్టారూ, మీరాండీ? మా వాడికి ఎడమపక్కకి జరగాలని నేర్పింది మీరే కదండీ" అన్నాడు.

పాపం, అతను ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. అయినా ఆ మాట చిట్లిన ఎముక కంటే ఎక్కువ సలిపింది మాస్టారికి.

ఇంటి దగ్గర ఆయన భార్య గంగాభవానిగారు ఏడవలేదు, అరవలేదు. ఆవిడది అత్తిలి. వరిచేల మధ్య పుట్టిన మనిషి, మాట మెత్తగానే ఉంటుంది, పని మాత్రం గట్టిగా ఉంటుంది. ఏసుకుమార్ తెచ్చి దింపిన సైకిల్ని పెరట్లో కొబ్బరిచెట్టుకి గొలుసేసి కట్టి, ఆ తాళంచెవిని తన స్కూటీ తాళాల గుత్తిలో వేసుకున్నారు.

"ఏవండీ, నేనేమీ అనటం లేదు" అన్నారు మొగుడికి అన్నం కలిపి పెడుతూ. "వయసండీ. అందరికీ వస్తుంది. మీకు రాకూడదా ఏంటి? సంఘం వాళ్లకి చెప్పేయండి, ఇక నావల్ల కాదని."

మాస్టారు ముద్ద మింగారు. లోపల ఆయన్ని తొలిచేస్తున్న భయం కూడా అదే. చూపు పరీక్ష చేయించుకుంటే బాగుందన్నారు. చెవి కూడా బాగుందన్నారు. పెరట్లో ఎవరూ చూడకుండా ఒంటికాలి మీద నిలబడి చూసుకున్నారు, తూలలేదు. మరి బుర్రే చెదిరిందా? కుడిఎడమలు తెలియని వయసు వచ్చేసిందా? అదే నిజమైతే సైకిలెక్కకూడదు. ఎక్కలేనివాడు పిల్లలకి ఏం చెబుతాడు? పిండికట్టు వేసిన చెయ్యి మెడకి వేలాడేసుకుని, కాలుగాలిన పిల్లిలా ఇంట్లోనే తిరిగారు. బజారుకి పొమ్మన్నా పోలేదు. చిన్నప్పటి నుంచీ సైకిలు మీద బతికిన మనిషి, గొలుసేసి కట్టిన సైకిల్ని కిటికీలోంచి చూసుకుంటూ కూర్చోవడం చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది.

చివరికి సంఘం కార్యదర్శి ప్రసన్నకి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి విజయవాడలో ఉంటుంది, ఆయన్ని బాబాయిగారూ అని పిలుస్తుంది. మానేస్తానంటే ఒప్పుకోలేదు.

"ఆకివీడు పక్కన లంక హైస్కూలుకి మాటిచ్చేశాం కదండీ బాబాయిగారూ. మీరు సైకిలెక్కొద్దు. కుర్చీలో కూర్చుని నాలుగు మాటలు చెప్పండి చాలు. ఆ తర్వాత మీ ఇష్టం" అంది.

ఆ లంక ఊరు కొల్లేరు ఒడ్డునే, మాస్టారు పుట్టిన ఊరికి రెండు చెరువుల అవతల ఉంటుంది. చివరి పాఠమేదో సొంత నేల మీదే అవుతుందిలే అనుకుని సరేనన్నారు. గంగాభవానిగారు ఆయన్ని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని గణపవరం మీదుగా తీసుకెళ్లారు. దారి పొడుగునా "గట్టిగా పట్టుకున్నారా" అని ఆవిడ అడగడం, "పట్టుకున్నానే" అని ఈయన విసుక్కోవడం.

బళ్లో పాఠం బ్రహ్మాండంగా జరిగింది. ముగ్గుపిండి రోడ్డు మీద పిల్లలు బారులు తీరి తొక్కారు. గంగాభవానిగారు స్కూటీ హారన్ కొట్టినప్పుడల్లా ఒక్కళ్లు కూడా తప్పకుండా ఎడమకి జరిగారు. హెడ్మాస్టరు సుబ్బరాజుగారు శాలువా కప్పారు. మాస్టారు నవ్వారు గానీ అది పెదాల దాకానే వచ్చింది.

బడి వదిలాక ఆయన గేటు పక్క అరుగు మీద కూర్చున్నారు. గంగాభవానిగారు స్కూటీ మీద ముందుకెళ్లి మంచినీళ్ల సీసా తెస్తానని బయల్దేరారు. ఆ తారురోడ్డుని ఆనుకుని ఎడమపక్క చేపల చెరువుంది. ముందు ముగ్గురమ్మాయిలు సైకిళ్ల మీద పోతున్నారు. ఆవిడ దాటిపోదామని హారన్ కొట్టారు. ముగ్గురూ ఒక్కసారే కుడిపక్కకి, స్కూటీ ముందుకి జరిగారు. ఆవిడ బ్రేకేసి, "ఇప్పుడే కదర్రా గ్రౌండులో చక్కగా చేశారు" అని మందలించారు.

మాస్టారు అరుగు మీంచి లేచి నిలబడ్డారు.

"భవానీ, ఇటొచ్చేవాళ్ల వెనక కూడా ఒకసారి హారన్ కొట్టు" అన్నారు.

ఎందుకని అడగకుండా ఆవిడ ముందుకెళ్లి, స్కూటీ తిప్పి, దుకాణం దాకా పోయి మళ్లీ ఇటే వస్తున్న పిల్లల వెనక హారన్ కొట్టారు. వాళ్లకి చెరువు కుడిపక్కనుంది. అందరూ ఎడమకి జరిగారు. అదే బడి, అదే హారన్. ఒక దిక్కున పోయేవాళ్లు కుడికి, ఇంకో దిక్కున వచ్చేవాళ్లు ఎడమకి. మాస్టారు గబగబా వెళ్లి, ముందు కుడికి జరిగిన తేజస్వి అనే అమ్మాయిని ఆపారు. తొమ్మిదో తరగతి పిల్ల, చెరువుల మీద మేత చల్లే వాళ్ల ఇంటి పిల్ల.

"ఎటు జరగాలో తెలుసు కదమ్మా నీకు?"

"ఎడమపక్కకండీ."

"మరి కుడిపక్కకి జరిగావేం?"

ఆ పిల్ల ఆయన వంక వింతగా చూసింది. "ఎడమపక్క నీళ్లున్నాయి కదండీ" అంది.

ఆ మాట అన్నది తేజస్వే గానీ, మాస్టారికి వినబడింది తన నాన్న గొంతు. పదమూడేళ్ల వయసులో చేపల మేతకి తవుడు బస్తా సైకిలు మీదేసుకుని చెరువు గట్ల మీద తిరిగినవాడే మాస్టారూ. గట్టుకి ఒకపక్క చెరువు, ఒకపక్క పొలం. అలలు కొట్టీ కొట్టీ చెరువు వైపు అంచు లోపల గుల్లబారి ఉంటుంది, చక్రం పడితే చాలు జారి నీళ్లలోకి దిగబడుతుంది. అందుకని వెనకాల ట్రాక్టరు చప్పుడు వినబడితే పొలం వైపుకి దిగాలి. అది కుడా ఎడమా అని ఎవరూ చూడరు. "ముందు నీళ్లకి దూరం జరుగు, తర్వాత వెనక్కి చూడు" అని నాన్న పిక్క మీద బెత్తంతో అంటించి మరీ నేర్పాడు. ఆ ప్రాంతంలో నడక నేర్చిన ప్రతి పిల్లకీ ఎవరో ఒకరు అలాగే నేర్పుతారు.

కాలవ గట్టు మీద ఆ రోజు ఆయన చేసింది అదే.

మాస్టారు నవ్వడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "వయసు కాదే భవానీ, గట్టు" అన్నారు. "వయసు కాదు, మా నాన్న బెత్తం." గంగాభవానిగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, కట్టు పడ్డాక మొగుడు నోరారా నవ్వడం అదే మొదలని ప్రాణం లేచొచ్చింది.

నవ్వుతూ నవ్వుతూ ఉన్నవారు తేజస్వి సైకిలు వంక చూసి ఆగిపోయారు. ఆ రోడ్డు మీద పొద్దస్తమానం ఐసు లారీలు, చేపల వ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. తారు గట్టిది, దాని అంచు విరగదు. ఆ సంగతి పిల్లల తలకి తెలుసు. ఒంటికి తెలియదు. ఆ క్షణంలో ఆయనకి నిజంగా భయమేసింది, ఈసారి తనకోసం కాదు.

అక్కడి నుంచే ప్రసన్నకి ఫోన్ చేశారు. "ఆ పాఠం ఇప్పుడే పంపకమ్మా. గ్రౌండులో నీళ్లెక్కడున్నాయి? నీళ్ల పక్కన నేర్పాలి. కాలవలూ చెరువులూ ఉన్న ప్రతి ఊళ్లోనూ అలాగే నేర్పాలి" అన్నారు.

"ఎవరు నేర్పుతారు బాబాయిగారూ?"

"నేనే. అయితే నాకే రాదు. ముందు నేను నేర్చుకోవాలి."

ఫోన్ పెట్టేశాక భార్య ముఖంలోకి చూడ్డానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. ఆవిడ తాళాల గుత్తిని వేలికి తగిలించుకుని తిప్పారు.

"వెనకాల హారన్ నేనే కొడతాను" అన్నారు. "ఇంకెవరూ కొట్టటానికి వీల్లేదు. నాకు కుదరదనిపిస్తే మళ్లీ గొలుసే. ఒప్పుకుంటేనే కట్టు విప్పాక సైకిలు."

కట్టు విప్పారు. రోజూ తెల్లవారుతూనే కాలవ గట్టు మీద ముందు సైకిలు, వెనక స్కూటీ. మొదట్లో హారన్ మోగడం, మాస్టారు కుడికి తిరగడం, వెనక నుంచి "ఏవండీ" అని ఆవిడ నిట్టూర్పు. వాకింగ్‌కి వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఎడమకి తిప్పుదామనుకుంటే చాలు, ఒళ్లే కుడికి లాగేసేది ఆయన్ని. తిప్పగా తిప్పగా ఒకరోజు హ్యాండిలు బెత్తెడు ఎడమకి జరిగింది. ఆ పూట ఆవిడ ఇంట్లో పెసరట్లు వేశారు.

ఏప్రిల్‌లో, ఒంటిపూట బడులప్పుడు, మళ్లీ లంకకి వెళ్లారు. ఈసారి గ్రౌండు లేదు, ముగ్గుపిండి లేదు. సుబ్బరాజుగారు పిల్లల్ని రోడ్డు అవతల బడిగోడ వెంట నిలబెట్టారు. మాస్టారు చెరువుని ఎడమపక్క పెట్టుకుని తొక్కుకుంటూ బయల్దేరారు. కొంచెం దూరం పోయాక గంగాభవానిగారు వెనక నుంచి హారన్ కొట్టాలి, అదీ ఏర్పాటు.

ఆవిడ హారన్ కొట్టకముందే ఆకివీడు వైపు నుంచి ఐసు లారీ ఒకటి వచ్చింది. దారి కోసం పెద్ద హారన్ కొట్టుకుంటూ ఆవిణ్ణి దాటి, నేరుగా మాస్టారి వెనక్కి పోయింది. ఆవిడ హారన్ మీంచి వేలు తీసేశారు.

మాస్టారి భుజాలు ఒక్కసారి బిగుసుకోవడం పిల్లలంతా చూశారు. సైకిలు ఒక్క క్షణం తడబడింది. తర్వాత నెమ్మదిగా, నీళ్లవైపుకి జరిగింది. లారీ గాలి విసురుకుంటూ పక్కనుంచి వెళ్లిపోయింది. మాస్టారు చెరువు అంచున కాలు ఆనించి ఆగారు. చెయ్యి చాస్తే తడి తగిలేంత దగ్గరగా నీళ్లున్నాయి.

గంగాభవానిగారు స్కూటీ ఆపి దిగారు. ముఖమంతా తడిసి ఉంది, కొంగుతో తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"వయసు కాదండీ" అన్నారు. "నేనే పొరబడ్డాను."

గుత్తిలోంచి సైకిలు తాళంచెవి తీసి ఆయన చేతికిచ్చారు. మాస్టారు దాన్ని చొక్కాజేబులో వేసుకున్నారు.

గోడ దగ్గర నుంచి తేజస్వి తన సైకిలు నడిపించుకుంటూ వచ్చింది.

"భయమెయ్యలేదా మాస్టారూ?"

"వేసిందమ్మా. ఇంకా వేస్తూనే ఉంది."

ఆ పిల్ల చెరువు వంక చూసింది, రోడ్డు వంక చూసింది. సీటెక్కి కూర్చుంది. "అయితే ఇప్పుడు నేనండీ" అంది.

గంగాభవానిగారు కొంగుతో కళ్లు తుడుచుకుని, స్కూటీ స్టార్టు చేసి, ఆ పిల్ల వెనక్కి తెచ్చి నిలబెట్టారు.