బుట్టలో ఫోను

కృష్ణపట్నం రేవు దగ్గర ఒక బొగ్గు యార్డులో సమాధానం అనే అతను పంతొమ్మిదేళ్లు కంప్యూటర్లు చూసుకున్నాడు. లారీలు తూచే కాటాలు ఆరు, కాటాకో గది, గదికో కంప్యూటర్. దుమ్ము మింగి ఏదో ఒకటి మొరాయించేది, ఇతను అన్నం ముందు నుంచి లేచి జీపెక్కేవాడు. నడుము పోయింది గానీ మంచి పేరు మిగిలింది. అతని ఆస్తంతా ఆ పేరే.

నిరుడు వానల్లో విసుగు పుట్టి, ఆఫీసులో మూలన పడేసిన కంప్యూటరును సర్వరుగా మార్చాడు. ఎక్కడున్నా సరే, బ్రౌజరు తెరిచి పేరూ పాస్‌వర్డూ కొడితే కాటా గదిలోని తెర కళ్లముందుకొస్తుంది. ఫోనులోనైనా వస్తుంది. ఎవరి పేరుతో తెరిచారో, తెర మీద ఏం జరిగిందో సర్వరు సినిమాలా దాచిపెడుతుంది. మేనేజరు సుధాకర్ గారు నలుగురిలో భుజం తట్టారు.

రూఫస్‌ను ఆ ఆఫీసులో పెట్టించింది సమాధానమే. ఇద్దరిదీ ఒకే చర్చి సంఘం. మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పాడు. కరెంటును నమ్మొద్దు, ఏది మార్చినా సేవ్ రెండుసార్లు నొక్కమన్నాడు. రూఫస్‌కు వేరే లాగిన్ పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు. ఒకే రొట్టె విరుచుకునేవాళ్ల మధ్య తాళాలేమిటని తన పాస్‌వర్డే చెప్పేశాడు. అంత తెలివైనవాడు అంత వెర్రిపని చేశాడంటే దాన్ని ప్రేమ అనక ఏమనాలి?

మొన్న చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం, ఆరాధన వేళకే, మూడో కాటాలో ఎవరో ఒక లారీ బరువు దొంగతనంగా మార్చారు. మార్చినవాడి పేరు దగ్గర సమాధానం అని ఉంది. సోమవారం సుధాకర్ గారు ఇద్దరినీ పిలిపించి ఆ రికార్డు వేయించారు. బాణం గుర్తు మెల్లగా కదిలి, అంకె మార్చి, సేవ్ నొక్కింది. కాస్త ఆగి మళ్లీ నొక్కింది. ఆ చెయ్యి ఎవరిదో సమాధానానికి తెలిసిపోయింది. రూఫస్ నేల చూపులు చూస్తున్నాడు.

"రెండుసార్లు నొక్కే అలవాటు నీదే కదయ్యా," అన్నారు సుధాకర్ గారు.

రూఫస్‌కూ పాస్‌వర్డ్ తెలుసన్నాడు సమాధానం. రూఫస్ తల అడ్డంగా ఊపాడు. ఆ వేళ తను గుడిలో, ఆరాధనలో ఉన్నానని సమాధానం అంటే, ఎక్కడి నుంచైనా తెరవొచ్చని నువ్వేగా చెప్పావన్నారు మేనేజరు. గుడివాళ్లను పిలుస్తానంటే, వాళ్లంతా నీ వాళ్లేగా అన్నారు.

బల్ల ఆదివారం వాళ్ల గుడిలో ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో వేసి లోపలికి పోవాలి. ఆ బుట్టకు కాపలా రూఫసే. అది గుర్తొచ్చి సమాధానానికి ప్రాణం లేచొచ్చింది.

"నా ఫోను బుట్టలో ఉండింది సార్. కాపలా కూర్చునింది వీడే. నువ్వు చేసినావని నేను అనటంలా రూఫసూ. ఫోను ఉండిందని చెప్పు, చాలు."

"ఎవరి ఫోను ఉండిందో నేను చూళ్లేదు సార్," అన్నాడు రూఫస్.

ఆ మాటతో ఉద్యోగం పోయింది, పేరూ పోయింది.

మరుసటి బల్ల ఆదివారం గుమ్మంలో మళ్లీ రూఫసే. వందనాలన్నా అంటూ బుట్ట చాపాడు. సమాధానం ఫోను తీసి వాడి ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"బాగా చూసుకో రూఫసూ. ఇది నా ఫోను."

బుట్టలో వేసి, లోపలికెళ్లి కూర్చున్నాడు. మనసులో పగ ఉన్నవాళ్లు తినకూడని ఆ రొట్టె, పళ్లెంలో తన దాకా వస్తే ముట్టకుండా పక్కవాళ్లకు అందించాడు. ఉద్యోగం పోయిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.